కార్తీక సోమవారం నత్తం ఉండి అమ్మ పడిపోయింది. షుగర్ బిళ్ళల్లో ఏది ఏం చేస్తుందో కాస్త చెప్పండి

లలిత, సత్యనారాయణపురం, విజయవాడ

నమస్కారం అండి. కొంచెం పొడుగ్గా రాస్తున్నాను. ఏది ముఖ్యమో ఏది కాదో నాకు తెలియక జరిగిందంతా రాస్తున్నాను.

మా అమ్మకి 66 ఏళ్ళు. పదకొండేళ్ళుగా షుగర్. కార్తీకంలో ప్రతి సోమవారం నత్తం ఉంటుంది. తెల్లవారుజామునే కృష్ణలో స్నానం, పగలంతా ఏమీ తినదు, చుక్క చూశాకే అన్నం. ఈసారి రెండో సోమవారం దుర్గాఘాట్‌లో మునిగి, దీపం వదిలి, ఇంటికొచ్చి రోజూలాగే బిళ్ళ వేసుకుంది. "తిండి మానాను గానీ మందు మానలేదే" అని నాతో చెప్పింది కూడా. పదకొండు గంటలప్పుడు తులసికోట దగ్గర కూర్చుని మాట్లాడుతూ ఉన్నట్టుండి నన్ను మా మేనత్త పేరుతో పిలిచింది. మాట ముద్దగా వస్తోంది. చూస్తే జాకెట్టంతా చెమటకి తడిసి ముద్దయిపోయింది. పక్కింటి పిన్నిగారు పరుగున వచ్చి పంచదార నీళ్ళు కలిపి తాగించారు. ఇరవై నిమిషాలు చూశాం, తేరుకోలేదు. ఆటోలో వేసుకుని దగ్గర్లోని నర్సింగ్ హోముకి వెళ్తే షుగర్ 48 ఉంది. గ్లూకోజు ఎక్కించారు, లేచి కూర్చుంది. ఇక పంపేస్తారనుకున్నాం. డ్యూటీ డాక్టరమ్మ పంపలేదు. మధ్యాహ్నం ఇడ్లీ తిన్న మనిషికి సాయంత్రం ఆరింటికి మళ్ళీ 61కి పడిపోయింది! రాత్రంతా ఉంచుకుని మర్నాడు పంపారు.

అమ్మ వాడుతున్న బిళ్ళ షీటు వెనక చిన్న అక్షరాల్లో ఇలా ఉంది: గ్లిమెపిరైడ్ 2, మెట్‌ఫార్మిన్ 500, వోగ్లిబోస్ 0.2. మూడూ ఒకే బిళ్ళలో, రోజుకి రెండు. ఇప్పుడు మా డాక్టరుగారు అది పూర్తిగా ఆపేసి, మెట్‌ఫార్మిన్ ఎస్‌ఆర్ 500 రెండు పూటలా, డాపాగ్లిఫ్లోజిన్ 10 పొద్దున ఒకటి రాశారు. మూడు నెలల షుగర్ సగటు (హెచ్‌బిఎ1సి) 7.6. కిడ్నీ పరీక్షలో క్రియాటినిన్ 1.0, దాని పక్కన ఈజీఎఫ్ఆర్ అని 62 వేశారు.

అసలు గొడవ ఇప్పుడు మొదలైంది. అమ్మ ఏ బిళ్ళా వేసుకోనంటోంది. మెట్‌ఫార్మిన్ కిడ్నీలు తినేస్తుందని పిన్నిగారు చెప్పారు. దానికి తోడు మొన్న మూత్రం పరీక్ష చేయిస్తే షుగర్ నాలుగు ప్లస్సులు వచ్చింది. "పాత బిళ్ళకి ఎప్పుడైనా ఇట్లా వచ్చిందా? ఈ కొత్తది పనిచేయట్లేదు" అని పెట్టెలో పడేసింది. డాక్టరుగారి దగ్గర బయట నలభై మంది కూర్చుని ఉన్నారు, ఆయన్ని ఇదంతా అడిగే వీలు లేకపోయింది. అమ్మని పడేసింది ఆ మూడింట్లో ఏది? పంచదార ఎందుకు పనిచేయలేదు? కొత్త వాటికి భయపడాలా? తెలిసినవాళ్ళు చెప్పండి.

పాత ఫార్మసిస్టు, గుంటూరు

లలిత గారూ, ముందు మీ అమ్మగారికి ఒక మాట చెప్పండి. ఆవిడ తప్పేమీ చేయలేదు. మందు మానకూడదని ఇన్నేళ్ళూ అందరం చెప్పినదే ఆవిడ చేశారు. ఏ మందు తిండి లేకుండా మింగకూడదో ఆవిడకి ఎవరూ చెప్పలేదు.

నేను కొత్తపేటలో 31 ఏళ్ళు మందుల షాపు నడిపాను. నాకూ 2006 నుంచి షుగర్ ఉంది. నేను డాక్టర్ని కాను. డోసు మార్చడం, ఆపడం మీ డాక్టరుగారు చేయాల్సిన పని. బిళ్ళ లోపలికి వెళ్ళాక ఏం చేస్తుందో నాకు తెలిసినంత చెప్తాను.

మాది పొన్నూరు దగ్గర పల్లె, కాలవ కింద వ్యవసాయం. అందుకని నాకు ఇదంతా కాలవల లెక్కలోనే అర్థమవుతుంది. రక్తంలో చక్కెర అంటే బ్యారేజి దగ్గర నిలిచిన నీళ్ళనుకోండి. అవి పొలాలకి పారాలి. పొలాలంటే మన కండలు, ఒళ్ళు. తూము ఎత్తి నీళ్ళు వదిలే లస్కరు ఇన్సులిన్. పైన పులిచింతలలాగా లివర్ ఉంది. చక్కెర నిల్వ పెట్టుకుని, కింద తగ్గినప్పుడు వదులుతుంది. టైపు 2 షుగర్ వచ్చినవాళ్ళకి తూములు తుప్పుపట్టి సరిగా లేవవు. లస్కర్లు ఏటేటా తగ్గిపోతుంటారు. పైనున్న లివర్ మాత్రం కింద నిండుగా ఉన్నా వదులుతూనే ఉంటుంది. ఒక్కో బిళ్ళ వీటిలో ఒక్కో చోట చెయ్యి పెడుతుంది. దానితో వచ్చే ప్రమాదం కూడా ఆ చోటునుంచే వస్తుంది.

మీ అమ్మగారిని పడేసింది గ్లిమెపిరైడ్. అది క్లోమాన్ని పిండి ఇన్సులిన్ బయటికి తీస్తుంది. లస్కర్లందరినీ నిద్రలేపి తూములన్నీ ఎత్తించేస్తుంది. బ్యారేజిలో నీళ్ళున్నాయా లేవా అని చూడదు. మీరు తిన్నా, తినకపోయినా ఇన్సులిన్ వస్తూనే ఉంటుంది. పొద్దున వేసుకున్న బిళ్ళ ప్రభావం రాత్రి దాకా, ఒక్కోసారి మర్నాటి దాకా ఉంటుంది. సాయంత్రం మళ్ళీ 61కి పడింది అందుకే. మీ అమ్మగారిని రాత్రంతా ఉంచుకున్న ఆ డాక్టరమ్మకి నా నమస్కారాలు. గ్లూకోజు ఎక్కించగానే లేచి కూర్చున్నారని ఇంటికి పంపితే, ఆ రాత్రి నిద్రలో షుగర్ మళ్ళీ పడిపోయి ఉండేదేమో.

ఈ జాతి మందుల సంగతి బయటపడిందే అలా. 1942లో ఫ్రాన్సులో మాంట్‌పెలియర్ ఊళ్ళో టైఫాయిడ్ వచ్చినవాళ్ళకి ఒక కొత్త సల్ఫా మందు ఇచ్చి చూస్తుంటే, కొందరికి షుగర్ విపరీతంగా పడిపోయింది. చనిపోయినవాళ్ళూ ఉన్నారు. ఆ ప్రమాదాన్ని గమనించే దాన్ని షుగరు మందుగా మలిచారు. అందువల్ల షుగర్ పడిపోవడం ఈ మందుకి పక్కన అంటుకున్న దోషం కాదు. దాని గుణమే అది. తిండితో జత కలిపి వాడితే బాగా పనిచేస్తుంది, చవక కూడా. నేను దాన్ని చెడ్డమందు అనను. తిండి వేళ తప్పేవాళ్ళకి, పెద్దవయసువాళ్ళకి, కిడ్నీ తగ్గినవాళ్ళకి మాత్రం భయపడుతూ ఇవ్వాల్సిన మందు.

ఇక పంచదార సంగతి. ఇది చదివేవాళ్ళందరూ గుర్తుపెట్టుకోవాలి. బిళ్ళలో మూడోది వోగ్లిబోస్. అది పేగుల్లో పనిచేస్తుంది. అన్నం, పంచదార లాంటివి గ్లూకోజుగా విడిపోయాకే రక్తంలోకి వెళ్తాయి. ఆ విడగొట్టే పనిని వోగ్లిబోస్ ఆలస్యం చేస్తుంది. అన్నం తిన్నప్పుడు షుగర్ ఒక్కసారిగా ఎగరకుండా ఉండటానికే అది ఇస్తారు. కానీ మనిషి పడిపోయినప్పుడు పోసిన పంచదారకీ అదే అడ్డం పడుతుంది. పిన్నిగారు చేసింది మంచి పనే, మందే దారి కాసింది. వోగ్లిబోస్, అకార్బోస్ ఉన్న బిళ్ళ వాడేవాళ్ళ ఇంట్లో తప్పనిసరిగా గ్లూకోజు పొడి ఉండాలి. అది అప్పటికే విడిపోయిన చక్కెర, నేరుగా ఎక్కుతుంది. మూడు చెంచాల పొడి, అంటే సుమారు 15 గ్రాములు, నీళ్ళల్లో కలిపి తాగించి పదిహేను నిమిషాలాగి మళ్ళీ చూడాలి. 70 దాటకపోతే మళ్ళీ అంతే ఇవ్వాలి. మింగలేని స్థితిలో ఉంటే నోట్లో ఏదీ పోయకూడదు, ఊపిరితిత్తుల్లోకి పోతుంది. 108కి ఫోన్ చేసి ఆసుపత్రికి తీసుకెళ్ళడమే.

ఇంత గట్టిగా ఎందుకు రాస్తున్నానో కూడా చెప్తాను. 1998లో మా నాన్నగారికి 72 ఏళ్ళు. గ్లైబెన్‌క్లమైడ్ వాడేవారు. గ్లిమెపిరైడ్‌కి ముందు తరం మందు, ఇంకా మొండిది. ఒక తెల్లవారుజామున నాలుగింటికి అమ్మ కేకలేస్తే లేచాను. లాల్చీ పిండితే నీళ్ళు కారేంత చెమట. కళ్ళు తెరిచే ఉన్నారు గానీ నన్ను గుర్తుపట్టలేదు. గుంటూరు తీసుకొచ్చి గ్లూకోజు ఎక్కిస్తే లేచారు, మళ్ళీ పడిపోయారు, మళ్ళీ ఎక్కించారు. మూడు రోజులు అలాగే. రక్తం పరీక్ష చేస్తే, కిడ్నీలు తగ్గినప్పుడు పెరిగే క్రియాటినిన్ 2.3 వచ్చింది. గ్లైబెన్‌క్లమైడూ, ఒంట్లో అది మారి తయారయ్యే పదార్థాలూ కొంతవరకు కిడ్నీల గుండానే పోవాలి. కిడ్నీలు తగ్గేసరికి లోపలే పేరుకుపోయింది. ఆ షీట్లన్నీ నా షాపులోవే. నా చేత్తో ఇచ్చినవే. రెండేళ్ళలో ఒక్కసారి క్రియాటినిన్ చేయించాలని నాకు తట్టలేదు. ఆయన ఇంకా నాలుగేళ్ళు బతికారు గానీ మునుపటి మనిషి కాలేదు. ఆ తర్వాత ఈ మందు కోసం వచ్చిన ప్రతి పెద్దాయన్నీ "క్రియాటినిన్ ఎంత?" అని అడగనిదే షీటు ఇవ్వలేదు.

మెట్‌ఫార్మిన్ విషయంలో పిన్నిగారు విన్నది తలకిందులు. అది కిడ్నీని తినదు. కిడ్నీ గుండా బయటికి పోతుంది, అంతే. కిడ్నీ పాడైతే పోలేక పేరుకుంటుంది, అప్పుడు రక్తంలో లాక్టిక్ ఆమ్లం పెరిగే ప్రమాదం ఉంది. అరుదే గానీ ప్రాణాంతకం. అందుకే ఈజీఎఫ్ఆర్, అంటే కిడ్నీ వడగట్టే శక్తి, 30 లోపుంటే వాడకూడదు. 30 నుంచి 45 మధ్య ఉంటే కొత్తగా మొదలుపెట్టరు, వాడుతున్నవాళ్ళకి డోసు తగ్గిస్తారు. మీ అమ్మగారిది 62, ఇబ్బంది లేదు. ఇది ముఖ్యంగా లివర్ మీద పనిచేస్తుంది, పైనుంచి నీళ్ళు వదలడం తగ్గిస్తుంది. లస్కర్లని కదిలించదు కాబట్టి ఒంటరిగా వాడితే షుగర్ ప్రమాదకరంగా పడిపోవడం దాదాపు ఉండదు. మొదట్లో వికారం, విరేచనాలు, నోట్లో ఇనుపరుచి వస్తాయి. అన్నంతోపాటు వేసుకుంటే, ఎస్‌ఆర్ రకం (లోపల నిదానంగా కరిగేది) వాడితే తగ్గుతాయి. 1957లో పారిస్‌లో జాన్ స్టెర్న్ అనే డాక్టరు దీన్ని మనుషులకి ఇచ్చి ఫలితాలు ప్రచురించారు. అమెరికా 1994 దాకా ఒప్పుకోలేదు. ఎందుకంటే దీని అన్నలాంటి ఫెన్‌ఫార్మిన్ ఈ లాక్టిక్ ఆమ్లంతోనే ప్రాణాలు తీసింది. ఆ అన్న చేసిన పాపమే ఈ తమ్ముడికి ఇప్పటికీ అంటుకుని ఉంది.

డాపాగ్లిఫ్లోజిన్ బ్యారేజి గేటు దగ్గర పనిచేస్తుంది. మామూలుగా రక్తంలో షుగర్ 180 దాటితే గానీ కిడ్నీ మూత్రంలోకి వదలదు. వడగట్టిన చక్కెరనంతా మళ్ళీ లోపలికి లాక్కుంటుంది. ఈ మందు ఆ లాక్కోవడాన్ని ఆపి, గేటు ఎత్తు తగ్గించేస్తుంది. మిగులు నీళ్ళు సముద్రంలోకి పోయినట్టు చక్కెర మూత్రంలోకి పోతుంది. కిడ్నీ బాగున్నవాళ్ళలో రోజుకి సుమారు 70 గ్రాముల దాకా పోతుంది. అర్థమైందా అమ్మా? ఆ నాలుగు ప్లస్సులు మందు పనిచేయడం లేదని కాదు, పనిచేస్తోందని. ఈ మందు వాడినన్నాళ్ళూ మూత్రంలో షుగర్ వస్తూనే ఉంటుంది. ఇకనుంచి వేలి రక్తం, మూడు నెలల సగటు ఈ రెండే చూడండి. గుండె నీరసపడినవాళ్ళకీ, కిడ్నీ దెబ్బతినడం మొదలైనవాళ్ళకీ ఈ జాతి మందులు మేలు చేస్తాయని పెద్ద పరీక్షల్లోనే తేలింది.

దీని ప్రమాదాలూ ఆ చోటునుంచే వస్తాయి. తియ్యటి మూత్రం తగిలే చోట బూజు దురద వస్తుంది, ఆడవాళ్ళకి మరీ ఎక్కువ. సిగ్గుపడి చెప్పరు. మీరే అడగండి. మూత్రానికి వెళ్ళిన ప్రతిసారీ నీళ్ళతో శుభ్రం చేసుకుని పొడిగా తుడుచుకోమనండి. ఆ ప్రాంతంలో వాపు, విపరీతమైన నొప్పి, జ్వరం వస్తే అరుదైనదే గానీ పెద్ద ప్రమాదం, గంటలు కూడా ఆగకూడదు. చక్కెరతోపాటు నీళ్ళూ పోతాయి. మన బెజవాడ మే నెల ఎండల్లో కళ్ళు తిరిగి పడిపోవచ్చు. బీపీ బిళ్ళలో నీళ్ళు తీసే మందు కూడా ఉంటే ఇంకా జాగ్రత్త.

సుజాత టీచర్, పటమట, విజయవాడ

ఫార్మసిస్టు గారు మెట్‌ఫార్మిన్ గురించి చెప్పినదానికి నా అనుభవం ఒకటి కలుపుతాను. పద్నాలుగేళ్ళుగా రోజుకి 2000 మిల్లీగ్రాములు వాడుతున్నాను. రెండేళ్ళ క్రితం అరికాళ్ళు తిమ్మిరెక్కడం, బోర్డు దగ్గర నిలబడితే నేల మెత్తగా దూదిలా అనిపించడం మొదలైంది. షుగర్ ముదిరి నరాలు పోతున్నాయన్నారు, నరాల బిళ్ళలు ఇచ్చారు. ఏడాది వాడాను. చివరికి వేరే డాక్టరుగారు విటమిన్ బి12 పరీక్ష రాస్తే 138 వచ్చింది, తక్కువ. మెట్‌ఫార్మిన్ ఎక్కువ ఏళ్ళు వాడితే పేగుల్లో బి12 సరిగా ఒంటికి పట్టదట. మేము శాకాహారులం, అసలే తక్కువ. ఇంజెక్షన్లు మొదలుపెట్టాక నాలుగైదు నెలలకి నేల మళ్ళీ గట్టిగా తగిలింది. తిమ్మిరి మాత్రం కొంచెం మిగిలే ఉంది, ఆ ఏడాది పోగొట్టుకోకుండా ఉంటే ఇదీ మిగిలేది కాదేమో. లలితా, పదకొండేళ్ళు వాడారంటున్నావు కదా, అమ్మకి ఈసారి రక్తం తీసినప్పుడు బి12 కూడా రాయించు.

ఇంకోటి. ఎస్‌ఆర్ బిళ్ళ కొన్నిసార్లు విరేచనంలో బిళ్ళలాగే కనిపిస్తుంది. మా అత్తగారు అది చూసి మందు అరగలేదని మానేశారు. మందు లోపల దిగిపోయి పై పొర ఒక్కటే బయటికి వస్తుందని తర్వాత తెలిసింది. మీ అమ్మ కూడా చూసి భయపడొచ్చు, ముందే చెప్పి ఉంచు. ఆ బిళ్ళని నూరడం, విరవడం కూడా చేయొద్దు.

తెనాలి కుర్రోడు

ఇన్ని బిళ్ళలెందుకండీ, అన్నీ కెమికల్సే. మా బావకి 280 ఉండేది. మా దగ్గర ఒకాయన ఇచ్చే ఆకుపొడి పొద్దున ఒక చెంచా, రాత్రి ఒక చెంచా. పదిహేను రోజుల్లో 110. చెట్టుమందు, సైడ్ ఎఫెక్టే లేదు. లలిత గారు అడిగితే నంబరు ఇప్పిస్తాను.

పాత ఫార్మసిస్టు, గుంటూరు

తమ్ముడూ, నువ్వు మేలు కోరే చెప్తున్నావు, అది నాకు తెలుసు. అయినా నీ మాటే నన్ను భయపెడుతోంది. పదిహేను రోజుల్లో 280 నుంచి 110కి దింపే ఆకు నాకు తెలిసి లేదు. అంత వేగంగా దింపేది ఏమిటో నాకు తెలుసు. ఇలాంటి పొడుల్ని పరీక్షిస్తే లోపల నూరి కలిపిన గ్లైబెన్‌క్లమైడ్, మెట్‌ఫార్మిన్ దొరికిన సందర్భాలు చాలా ఉన్నాయి. మీ బావ వాడే పొడిలో ఉందని నేను అనను, నేను చూడలేదు. కానీ ఉంటే ఎంతుందో, ఒక చెంచాకి ఇంకో చెంచాకి ఎంత తేడా ఉందో ఎవరికీ తెలియదు. మా నాన్నగారిని పడేసిన మందే అది. మీ బావకి ఎప్పుడైనా తెల్లవారుజామున చెమటలు పట్టాయా, పీడకలలు వచ్చాయా, పొద్దున లేవగానే తలనొప్పి ఉంటోందా? ఒక్కసారి అడుగు. క్రియాటినిన్ చేయించు.

చెట్టుమందు అంటే నాకు చిన్నచూపు లేదు. మెట్‌ఫార్మిన్‌కి మూలం యూరప్‌లో పెరిగే గలేగా అనే మొక్కలోని పదార్థమే. డాపాగ్లిఫ్లోజిన్ జాతికి మూలం ఆపిల్ చెట్టు బెరడులో 1835లో కనుక్కున్న ఫ్లోరిజిన్. చెట్టులోంచి వచ్చినా దాని కొలత తెలిశాకే మందు అయింది. నంబరు మాత్రం ఇక్కడ పెట్టొద్దు, దండం పెడతాను.

లలిత, సత్యనారాయణపురం, విజయవాడ

ఫార్మసిస్టు గారూ, మీరు రాసింది అమ్మకి బిగ్గరగా చదివి వినిపించాను. మీ నాన్నగారి దగ్గరికి వచ్చేసరికి చేతిలో ఉన్న చిక్కుడుకాయలు పక్కన పెట్టేసింది. కాలవల లెక్క తనకి నాకంటే తొందరగా అర్థమైంది, తనది దుగ్గిరాల. నిన్నటినుంచి రెండు బిళ్ళలూ వేసుకుంటోంది.

అయితే ఇంకో చిక్కు. "ఈ కొత్తవి షుగర్ పడెయ్యవన్నారుగా, ముక్కోటి ఏకాదశికి నిర్జలం ఉంటాను" అంటోంది. నీళ్ళు కూడా తాగదట. నాకు ధైర్యం చాలట్లేదు. పైగా సంక్రాంతి వెళ్ళాక మోకాలి ఆపరేషన్ అనుకుంటున్నాం. బీపీకి మెటోప్రొలాల్ కూడా వేసుకుంటుంది. వీటికీ దానికీ ఏమైనా సంబంధం ఉంటుందా? సుజాత గారూ, బి12 రాయించాను, రిపోర్టు రేపు ఇస్తామన్నారు.

పాత ఫార్మసిస్టు, గుంటూరు

నిర్జలం వద్దమ్మా. ఇందులో నాకు రెండో మాట లేదు. షుగర్ పడిపోయే ప్రమాదం తగ్గిందే గానీ, ఈ మందుకి ఇంకో ప్రమాదం ఉంది. డాపాగ్లిఫ్లోజిన్ వేసుకుని, తిండీ నీళ్ళూ లేకుండా ఉంటే ఒళ్ళు చక్కెర బదులు కొవ్వుని కరిగించుకుంటుంది. అప్పుడు రక్తంలో కీటోన్లనే ఆమ్లాలు పెరిగిపోతాయి. వాంతులు, కడుపునొప్పి, ఆయాసం, మత్తు వస్తాయి. మోసం ఎక్కడుందంటే, షుగర్ మిషను మీద చూస్తే 180, 200 ఉండొచ్చు. షుగర్ బాగానే ఉంది కదా అని ఇంట్లోవాళ్ళు ఊరుకుంటారు, ఆసుపత్రిలో కూడా ఒక్కోసారి దాటిపోతుంది. ఈ మందు వాడే మనిషికి ఆగకుండా వాంతులు, ఆయాసం ఉంటే మిషను అంకె చూసి ఊరుకోకండి. "డాపాగ్లిఫ్లోజిన్ వాడుతోంది, కీటోన్లు చూడండి" అని మీరే నోరు తెరిచి చెప్పండి.

ఏకాదశికి పాలూ పళ్ళూ తీసుకుని, నీళ్ళు బాగా తాగుతూ ఉంటానంటే, ఆ రోజు డాపాగ్లిఫ్లోజిన్ ఆపాలా, మెట్‌ఫార్మిన్ ఎప్పుడు వేసుకోవాలా అన్నది డాక్టరుగారిని ముందే అడగండి. నలభై మంది ఉన్నా సరే, ఈ ఒక్క ప్రశ్న కాగితం మీద రాసి చేతిలో పెట్టండి. వాంతులు, విరేచనాలు పట్టుకుని తిండి సయించని రోజులకీ ఇదే వర్తిస్తుంది. ఆ రోజుల్లో ఈ రెండు బిళ్ళలూ తాత్కాలికంగా ఆపమనే డాక్టర్లు చెప్తారు. ఎన్నాళ్ళు ఆపాలో, మళ్ళీ ఎప్పుడు మొదలుపెట్టాలో ఇప్పుడే అడిగి ఫ్రిజ్ మీద అంటించుకోండి.

మోకాలి ఆపరేషన్‌కి డాపాగ్లిఫ్లోజిన్ కనీసం మూడు రోజుల ముందు ఆపుతారు. ఇదే కీటోన్ల భయం. ఎముకల డాక్టరుకీ, మత్తు డాక్టరుకీ ఇద్దరికీ విడివిడిగా చెప్పండి. ఒకరికి చెబితే ఇంకొకరికి తెలుస్తుందనుకోవద్దు. స్కానింగ్‌కి రంగు మందు ఎక్కించాల్సి వస్తే మెట్‌ఫార్మిన్ వాడుతున్నట్టు అక్కడా చెప్పాలి.

మెటోప్రొలాల్ అడిగి మంచి పని చేశారు. షుగర్ పడిపోయేటప్పుడు గుండె దడ, చేతుల వణుకు ముందుగా హెచ్చరిస్తాయి. మెటోప్రొలాల్, అటెనలాల్ ఆ రెండింటినీ కప్పేస్తాయి. చెమటని మాత్రం కప్పలేవు. ఆ రోజు మీ అమ్మగారికి తడిసిన జాకెట్టే కనిపించింది చూశారా, అదే. ఆవిడకి ఉన్న గుర్తు అదొక్కటే అనుకోండి.

మళ్ళీ ఎప్పుడైనా ఎవరైనా గ్లిమెపిరైడ్, గ్లిక్లజైడ్, గ్లిపిజైడ్ అని "గ్లి"తో మొదలయ్యే బిళ్ళ రాస్తే, ఈ సంగతి చెప్పండి. "గ్లిప్టిన్" అని చివర వచ్చేవి వేరే, కంగారు పడకండి. సిటాగ్లిప్టిన్, విల్డాగ్లిప్టిన్, టెనెలిగ్లిప్టిన్ అనేవి తిన్నప్పుడు పేగుల్లో పుట్టే హార్మోన్‌ని నిలబెడతాయి. నీళ్ళొచ్చినప్పుడే లస్కర్లని పిలుస్తాయి. అందుకని విడిగా వాడితే పడెయ్యవు. అరుదుగా క్లోమం వాస్తుంది, వెన్నులోకి పొడిచే కడుపునొప్పి వస్తే ఆపేసి వెళ్ళాలి. పయోగ్లిటాజోన్ ఒకటుంది. తూముల తుప్పు గీకుతుంది గానీ ఒంట్లో నీరు నిలుపుతుంది, కాళ్ళ వాపు తెస్తుంది, గుండె నీరసం ఉన్నవాళ్ళకి ఇవ్వకూడదు. 2013లో మన దేశంలో దీన్ని కొన్నాళ్ళు ఆపి, మళ్ళీ హెచ్చరికతో అనుమతించారు. మీకు రాయలేదు కాబట్టి ఇంతటితో వదిలేస్తున్నాను.

లలిత, సత్యనారాయణపురం, విజయవాడ

బి12 రిపోర్టు వచ్చింది, 171. డాక్టరుగారు ఇంజెక్షన్లు రాశారు. సుజాత గారూ, మీకు ఎలా కృతజ్ఞత చెప్పాలో తెలియట్లేదు. అమ్మ ఏడాదిగా చెప్పులు జారిపోతున్నాయంటుంటే చెప్పులే మార్చాం. ఏకాదశికి పాలూ పళ్ళూ తీసుకోవడానికి ఒప్పుకుంది. ముందురోజూ, ఆ రోజూ డాపాగ్లిఫ్లోజిన్ మానమన్నారు. గ్లూకోజు పొడి కొన్నాను. ఇప్పుడు అవసరం లేకపోయినా ఇంట్లో ఉండనీ అని.

ఒక్క చిన్న సంగతి. పాత బిళ్ళలు మూడు షీట్లు మిగిలాయి. పారెయ్యబోతుంటే పక్కింటి పిన్నిగారు "నేనూ షుగర్ బిళ్ళలే వాడతాను, డబ్బులు పెట్టి కొన్నవి ఎందుకు పారేస్తావు, నాకిచ్చెయ్" అన్నారు. ఇవ్వొచ్చా?

పాత ఫార్మసిస్టు, గుంటూరు

ఇవ్వొద్దు. ఒక్కటి కూడా ఇవ్వొద్దు. షీట్ల మీద బిళ్ళలన్నీ విడదీసి, వాడేసిన టీపొడిలో కలిపి కవర్లో కట్టి చెత్తలో వేయండి, ఎవరూ ఏరుకుని వాడకుండా.

పిన్నిగారిని ఆవిడ షీటు తెమ్మనండి. వెనక చిన్న అక్షరాల్లో ఏముందో అక్షరం వదలకుండా ఇక్కడ రాయండి. ఆవిడకి ఎన్నేళ్ళు? ఆవిడా కార్తీకం నత్తాలు ఉంటారా? క్రియాటినిన్ ఆఖరుసారి ఎప్పుడు చేయించారు?